పన్నెండో గని నూనె వేడి పుస్తకం

2731వ ట్రిప్పు
బయట 45. కత్తిమెట్ట మీద నూనె 114.

నిబంధన ప్రకారం ఈ పుస్తకంలో నేను రాయవలసింది పై రెండంకెలే. కానీ నెలాఖరున గని పెద్ద సుంకులమ్మ దీన్ని అందరి ముందూ చదివిస్తుంది. ముఖం మీద చెప్పలేనివి చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు నాకు దొరకలేదు. ముప్పై ఏళ్ళుగా అంకెల కింద నాకు తోచింది కూడా రాస్తూనే ఉన్నాను. వద్దన్నవాళ్ళు లేరు. విని నవ్వుకుంటారని తెలుసు.

మధ్యలో కత్తిమెట్ట ఎక్కి దిగి, మందు తయారయ్యే కొత్తకాలువకు తొంభై రెండు కిలోమీటర్లు. నాలుగు రోజులకొకసారి కారు తెల్లవారగానే బయలుదేరి, ఎండ యాభై దాటకముందే తిరిగి గనిలోకి దిగాలి. తెచ్చేది ఒక్కటే, మంచుపెట్టెలో ఇన్సులిన్. అది అందకపోతే వారం బతకని వాళ్ళు ఇక్కడ పదకొండు మంది ఉన్నారు. రెండో కారు లేదు, రెండో ఇంజనూ లేదు.

ఇంజను కందెనగా ఆముదమే పోస్తాం. చల్లగా ఉన్నప్పుడు అది జిగురులా కదలదు. అందుకే ఈరోజు కూడా అరవై డిగ్రీలు వచ్చేదాకా పన్నెండు నిమిషాలు కారు కదలకుండా కూర్చున్నాం, నేనూ డ్రైవరు మాబున్నీ. 125 దాటితే ఆముదం మాడి లోపలి గోడలకు అట్టకడుతుంది. అప్పుడు ఇంజను తన ఇనుమును తానే తింటుంది. కాబట్టి దాటగానే ఆపాలి, బానెట్ తెరవాలి, 105కి దిగేదాకా ఆగాలి. ఆ అంకె చూసేవాణ్ణి నేను. ఇంజను బాధ్యత, షెడ్డు తాళం మాత్రం ఓబులేసువి.

అది ఎలా జరిగిందో కొత్తవాళ్ళకు తెలియాలి. ఎండలు ముదిరి అందరం ఈ నాపరాళ్ళ గనుల్లోకి దిగిన ఏడాది, ఇరవై రెండేళ్ళు కాలేజీలో ఫిజిక్సు చెప్పిన నన్ను పక్కన పెట్టి, ఏడో తరగతితో ఆపేసిన లారీ మెకానిక్ ఓబులేసుకు ఇంజను అప్పగించారు. ఆరోజు సభలో ఓబులేసు అన్నమాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “చదివినోడు వేడి రాసుకుంటాడు, చేతికి మసైనోడు వేడి తగ్గిస్తాడు.” సభంతా నవ్వింది.

ఈరోజు షెడ్డు దగ్గర ఆముదం డబ్బా మూత మారి ఉంది. పాతది ఎర్ర మూత. ఇది నల్లది. అడిగితే, పాతది పగిలిందన్నాడు ఓబులేసు. పగిలిన ముక్కలు చూపించమన్నాను. పారేశానన్నాడు. నేను పాత రాజ్యాల చరిత్రలు బాగా చదివినవాణ్ణి. బయటివాళ్ళు బద్దలుకొట్టిన కోటల కంటే, లోపలివాడు తలుపు గడియ తీసిన కోటలే ఎక్కువ.

సుంకులమ్మకు రెండు కోరికలు రాసిచ్చాను. కారును ఇకనుంచి షెడ్డులో కాక నా గది ముందు నిలపాలి. నూనె కడ్డీ తీసి మట్టం చూసే పని నాదే కావాలి, నేను లేకుండా ఎవరూ బానెట్ ఎత్తకూడదు. నా నస భరించలేక కావచ్చు, ఒప్పుకుంది.

2732వ ట్రిప్పు
బయట 46. మెట్ట మీద నూనె 112.

నా గది గనిలోకి దిగే బాట పక్కన ఉంది. నిన్న సాయంత్రం మాబున్నీ కారును అక్కడ నిలిపి చక్రాలకు రాళ్ళు పెట్టింది. ఓబులేసు వెంట వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

“వాలు మీద బండి నిలబెట్టొద్దప్పా. ఇంజనుకు మంచిది కాదు,” అన్నాడు.

షెడ్డు చేజారిపోయిందని ఏడుపు. అది నాకు అర్థం కాకపోలేదు. నా గది ముందు నా కారు బాగానే ఉంటుందని చెప్పి పంపేశాను.

తెల్లవారి కడ్డీ తీసి చూస్తే నా అనుమానం రుజువైంది. నూనె పైగీత దాటి వేలెడు పైకి ఉంది. నిన్న షెడ్డులో గీత దగ్గరే ఉన్న నూనె, ఎవరూ పోయకుండా ఎలా పెరుగుతుంది? ఎవరో ఏదో కలిపారు. ఇంధనానికి వాడే కానుగ నూనె కావచ్చు. కలిస్తే ఆముదం పలచబడుతుంది, ఇంజను లోపల అరుగుతుంది. బయటికి ఏమీ కనబడదు. తెలిసినవాడు చేసే పని.

మన ఇంజను ట్రిప్పుకు పావు లీటరు ఆముదం తాగుతుంది. ఆ పావు లీటరు వంతుల వారీగా ఒక్కో ఇల్లు ఇస్తుంది. ఈరోజు వంతు గోరంట్ల వాళ్ళది. ఆ ఇంటి ముసలమ్మ చెంబు పట్టుకుని వచ్చి నిలబడింది. వంతు ఆపేశానని చెప్పాను. కడ్డీ గీతకు దిగేదాకా చుక్క పోయడం లేదన్నాను. ఆమె చెంబు కిందికి దించలేదు. తన తల్లి కాలం నుంచి వంతు తప్పలేదని, తమ నూనెలో కల్తీ ఉందని అంటున్నానా అని అడిగింది. నేను ఎవరి పేరూ అనలేదని చెప్పాను. ఆమె వెళ్ళేటప్పుడు ఏదో గొణిగింది. మంచిమాట కాదు.

2734వ ట్రిప్పు
బయట 46. మెట్ట మీద నూనె 108.

కడ్డీ మీద నూనె సరిగ్గా పైగీతకు దిగింది. వంతు ఆపడం ఎంత అవసరమో ఇప్పుడైనా తెలియాలి. ఎక్కువగా పోసినదంతా ఇంజను తాగేసింది. ఇంకా కిందిగీత దాకా చాలా దూరం ఉంది. వంతులు ఇంకొన్నాళ్ళు ఆపే ఉంచుతాను. ఎవరి చెంబులో ఏముందో దేవుడికి తెలియాలి.

నన్ను అడిగేవాళ్ళు ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. ఆ పదకొండు మందిలో ఓబులేసు కూడా ఒకడు కదా, తన మందు తెచ్చే ఇంజనును తానే ఎందుకు పాడు చేసుకుంటాడు? తేలిక ప్రశ్న. కొత్తకాలువలో బ్యాటరీ బండ్లు నడుపుతున్నారు. వాటిని చూసే మనిషి కావాలని పోయిన ఏడు కబురు చేశారు. ఇక్కడ ఇంజను చస్తే ఓబులేసు అక్కడికి వెళ్ళి, మందు తయారయ్యే చోటే కాపురం పెడతాడు. మిగిలిన పది మంది సంగతి నేను చెప్పాలా?

2737వ ట్రిప్పు
బయట 48. మెట్ట మీద నూనె 95.

అందరూ సంతోషంగా ఉన్నారు. నూనె వేడి తగ్గిందని. తగ్గింది సరే, ఎందుకు తగ్గాలి? బయట వేడి పెరిగింది, మెట్ట ఏటవాలు మారలేదు, మంచుపెట్టె బరువు మారలేదు. మూడు వారాల క్రితం 114 చూపిన చోట ఇప్పుడు 95. సమతలం మీద కూడా 95. కొత్తకాలువ ముందు ఇసుక దారిలో ఇంజను రొప్పినప్పుడు కూడా 95.

పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని తర్కశాస్త్రం చెబుతుంది. పొగ లేనిచోట నిప్పు లేదని మాత్రం చెప్పదు. చెడ్డ అంకె వచ్చినప్పుడు ఎవడైనా అనుమానిస్తాడు. మంచి అంకెను అనుమానించడానికి చదువు కావాలి.

నా అంచనా ఇది. మీటరు తీగలో ఓబులేసు ఏదో చేశాడు. నూనె ఎంత మాడినా మీటరు తొంభై అయిదు దగ్గరే తిరుగుతుంది. ఒకనాడు ఇంజను పట్టేస్తుంది. అప్పుడు పుస్తకం తెరిచి చూస్తే తప్పుడు అంకెలు రాసినవాడు ఈ కంబగిరి మాస్టారే అవుతాడు.

మాబున్నీకి ఈ మాట చెప్పాను. ఆమె ముప్పై దాటిన మనిషి, స్టీరింగు పట్టి తొమ్మిదేళ్ళయింది, మాట తక్కువ. “మీటరు సంగతి నాకు తెల్దు సార్. ఇంజను గొంతు మాత్రం ఆరినట్టుండాది,” అంది. ఇంజనుకు గొంతేమిటని విసుక్కున్నాను. నూనె ఒత్తిడి చెప్పే ఎర్రదీపం పోయి పదేళ్ళయింది, దానికి బదులు చెవులు వాడడం డ్రైవర్లకు అలవాటు. చెవులను నేను నమ్మను.

2739వ ట్రిప్పు
బయట 50. మెట్ట మీద నూనె 91.

యాభై డిగ్రీల ఎండలో తొంభై ఒకటి. ఇక ఆగలేకపోయాను.

మధ్యాహ్నం షెడ్డుకు వెళ్ళాను. ఓబులేసు బల్ల మీద పాత బేరింగు డొప్పలు పేర్చుకుని గుడ్డతో తుడుస్తున్నాడు. కళ్ళు మునుపటిలా లేవు, చక్కెర వల్ల. డొప్పను ముక్కుదాకా తెచ్చుకుని చూస్తున్నాడు. మీటరుకు ఏం చేశావని సూటిగా అడిగాను.

“నెల దినాలాయ నన్ను బండి తాకనీక. నేనేం చేసుంటానప్పా?”

“తాకనివ్వకముందు చేసి ఉంటావు.”

“అట్లయితే ఇప్పుడే ఊడదీసి చూడు. నువ్వే తీయి. నా చెయ్యి పడితే మళ్ళా దానికో పేజీ రాస్తావు.”

గుడ్డ బల్ల మీద పెట్టి, మెల్లగా ఇంకోమాట అన్నాడు. “వేడి తక్కువుంటే నీకేం నొప్పి? నేను చస్తేనే నీ లెక్క సరిపోతుందా కంబగిరీ?”

అక్కణ్ణుంచి నేరుగా సుంకులమ్మ దగ్గరికి వెళ్ళి, వచ్చే ట్రిప్పు రోజున అందరి ముందూ మీటరు పరీక్ష జరగాలని అడిగాను. మంచుపెట్టెలో మందు అప్పటికి ఖాళీ అవుతుందని, ట్రిప్పు ఆగకూడదని ఆమె అంది. అరగంటలో తేల్చేస్తానన్నాను.

2740వ ట్రిప్పు
బయట 49. మెట్ట మీద నూనె 128.

ఈ ఒక్క రోజు గురించి ఉన్నదున్నట్టు రాస్తాను.

వెలుగు రాగానే మాబున్నీ కారును నా గది దగ్గర నుంచి దించి, గని అడుగున బండపరుపు మీదికి తెచ్చింది. అక్కడ నేల అద్దంలా చదును. గనిలో సగం జనం వచ్చారు. ఓబులేసు దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కారు పక్కనే పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. నూనె వేడిని పసిగట్టి తీగ మీదుగా మీటరుకు చెప్పే గుండీని నూనె తొట్టి పక్కనుంచి విప్పి, మరిగే నీళ్ళలో ముంచితే నూరు చూపాలి. చూపకపోతే దొంగ దొరికినట్టే.

నేనే కారు కిందికి దూరాను. నూనె కారుతుందని కింద పళ్ళెం పెట్టుకున్నాను. గుండీ విప్పాను. చేతికి చుక్క అంటలేదు. పని శుభ్రంగా అయిందనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను.

గుండీని నీళ్ళలో ముంచారు. మాబున్నీ ముందు సీటులోంచి మీటరు చదివింది. నూరు. బయటికి తీసి మళ్ళీ ముంచమన్నాను. నూరే. వెనక ఎవరో నవ్వారు. గుండీ మార్చేశారేమో అని నేను అంటూ ఉండగానే మాబున్నీ కారు దిగి వచ్చింది. పళ్ళెం వైపు చూసింది.

“నూనె ఎందుకు కార్లేదు సార్?”

ఆమె బానెట్ ఎత్తి కడ్డీ తీసింది. కొనకు మాత్రం ఒక చుక్క అంటి ఉంది. గంట క్రితం నా గది ముందు అదే కడ్డీ మీద నూనె కిందిగీతకు పైనే ఉంది. నా కళ్ళతో చూశాను.

అప్పుడు నాకు తెలిసింది. అక్కడ ఉన్నవాళ్ళందరిలో నాకే ముందు తెలిసింది. వాలు మీద కారు ముందు చక్రాలు పైకి ఉంటాయి, నూనె అంతా వెనక్కి చేరుతుంది. కడ్డీ దిగేది వెనకవైపే. తొట్టి ఖాళీ అవుతున్నా అక్కడ మట్టం నిండుగా కనిపిస్తుంది. మొదటిరోజు నూనెను ఎవరూ కలపలేదు, కారు వంగింది, అంతే. ఆపైన ఎనిమిది ట్రిప్పులు నేను చుక్క పోయనివ్వలేదు. రెండు లీటర్లు పోయింది. మట్టం తగ్గి తగ్గి గుండీ గాలిలో తేలింది. మీటరు నిజమే చెప్పింది. అది చెప్పింది నూనె వేడి కాదు, నూనె లేని చోటి వేడి. ఇరవై రెండేళ్ళు మొదటి సంవత్సరం పిల్లలకు ద్రవాల మట్టం గురించి పాఠం చెప్పాను. గ్లాసు వంచి బోర్డు ముందు పట్టుకుని మరీ చెప్పాను.

“నూనె ఎవరో దించుకున్నారు,” అన్నాడొకడు. ఆ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోయింది. దించడానికి పానా ఉండేది ఎవరి దగ్గర, తాళం ఎవరిది అన్నారు. అందరూ గోడ వైపు చూశారు. సుంకులమ్మ ఓబులేసు దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది. అతను నడుముకున్న తాళంచెవి విప్పి ఆమె చేతిలో పెట్టాడు. నా వైపు చూడలేదు.

నేను నోరు విప్పలేదు. ట్రిప్పుకు ఆలస్యమవుతోందని నాకు నేను చెప్పుకున్నాను.

ఇంటికో గరిటె ఆముదం తెమ్మని కేక వేశారు. నూట నలభై ఇళ్ళు. దీపాల్లోంచి వంచినవాళ్ళున్నారు, తలకు పెట్టుకునే సీసాలు తెచ్చినవాళ్ళున్నారు. గోరంట్ల ముసలమ్మ తన చెంబు నిండా తెచ్చి, నా చేతికి ఇవ్వకుండా మాబున్నీ చేతికి ఇచ్చింది. గుండీ మళ్ళీ బిగించి పోశాం, అరగంటలో నూనె కడ్డీ గీతకు వచ్చింది. ఇంజను స్టార్ట్ చేయగానే లోపల ఎవరో తలుపు తడుతున్నట్టు శబ్దం. మాబున్నీ నా ముఖం చూసి గేరు వేసింది.

నలభై దాటనివ్వకుండా నడిపింది. వెళ్ళేటప్పుడు మెట్ట మీద 119. మందు తీసుకుని తిరిగి బయలుదేరేసరికి తొమ్మిది దాటింది. మెట్ట సగం ఎక్కామో లేదో 122, 125, 128. ఆపమన్నాను.

బానెట్ తెరిచాం. కారు నీడ అడుగు వెడల్పు కూడా లేదు. అందులోనే ఇద్దరం ఒదిగి కూర్చున్నాం. మంచుపెట్టె మీద మా దుప్పట్లు రెండూ కప్పింది మాబున్నీ. 105కి దిగేదాకా ఆగాలి. ఆగితే మంచు కరుగుతుంది, కదిలితే ఇంజను పోతుంది. 120. 117. మీటరును ఎప్పుడూ లేనంతగా నమ్మాను.

112 దగ్గర ఆమెకు అంతా చెప్పేశాను. వాలు, కడ్డీ, వంతు ఆపడం.

మాబున్నీ చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. “నాకు చెప్తే ఏం లాభం సార్? తాళంచెవి ఇచ్చింది నేను కాదు గదా.”

యాభై నిమిషాలు పట్టింది. గనిలోకి దిగేసరికి పెట్టెలో చిన్న ముక్కలు మిగిలి ఉన్నాయి. పదకొండు మందికీ మందు అందింది.

నెలాఖరు దాకా ఆగలేదు. సాయంత్రం సుంకులమ్మ అందరినీ పిలిపించింది, పై పేజీ నేనే చదివాను. అయిపోయాక ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. సుంకులమ్మ తాళంచెవిని ఓబులేసుకు ఇవ్వబోతే, అది తీసుకోకుండా ఒక్క మాటే అన్నాడు.

“ఇంజను దించాల. కొట్టుకునే బేరింగు ఏదో చూడాల. నా కండ్లకు కనపడదు. కంబగిరిని రమ్మను.”

2741వ ట్రిప్పు ఒక రోజు ఆలస్యం

మూడు రోజులు ఇంజను విప్పాం. అతను చెబుతాడు, నేను చేస్తాను. మూడో బేరింగు డొప్ప గీతలు పడి, రాగిరంగు తేలింది. షెడ్డులో దానికి సరిపోయేది ఒక్కటే మిగిలి ఉంది, అది వేశాం. ఇక లేదు.

పని చేస్తున్నంతసేపూ నన్ను మాటలతో కుళ్ళబొడుస్తాడనుకున్నాను. పానా అందించమని, దీపం ఇటు తిప్పమని తప్ప ఏమీ అనలేదు. రెండో రోజు నేనే ఉండబట్టలేక, ముప్పై ఏళ్ళ కింద సభలో నువ్వన్న మాట నన్ను ఎంత బాధపెట్టిందో తెలుసా అని అడిగాను. ఏ మాట అన్నాడు. చెప్పాను. అతనికి గుర్తులేదు. నటిస్తున్నాడేమోనని చాలాసేపు అతని ముఖం చూశాను. నిజంగానే గుర్తులేదు.

ఈ ట్రిప్పుకు కారును షెడ్డు నుంచే తీశాం. గోరంట్ల వాళ్ళ వంతు నూనె పోశాం. ఓబులేసు తానూ వస్తానన్నాడు, ఇంజను ఎలా పలుకుతుందో వినాలట. వెనక మంచుపెట్టె పక్కన కూర్చున్నాడు.

బయట 47. మెట్ట మీద మీటరు చూసి, “నూట పదమూడు,” అని చెప్పి రాసుకోబోయాను. ఈ ముప్పై ఏళ్ళలో నేను షెడ్డుకు తెచ్చిన అంకెను ఓబులేసు ఏనాడూ రెండోసారి అడగలేదు. నేను చెప్పింది విని, దాని ప్రకారం నూనె మార్చేవాడు, ఇంజను విప్పేవాడు. ఎంత తిట్టుకున్నా నా అంకెను మాత్రం ఒప్పుకునేవాడు. అది నేను ఎప్పుడూ గమనించలేదు.

ఈరోజు వెనక సీటు కిర్రుమంది. ఓబులేసు రెండు సీట్ల మధ్యకు వంగి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, మీటరుకు జానెడు దూరం దాకా ముఖం తెచ్చాడు. చాలాసేపు చూశాడు.

“నూట పదమూడే,” అన్నాడు మాబున్నీతో, “రాసుకోమను.”

రాశాను.